మిషన్ ఆగిన సీను

మా ఆయన కూర్చుని రాయడం నేను ఇంతవరకూ చూడలేదు. పెళ్లైన కొత్తలో మురిపెంగా ఓ కుర్చీ, ఓ బల్ల కొన్నాం. కుర్చీ ఎక్కి ఆయన చొక్కాలు కూర్చున్నాయి. బల్లని బట్టలు కత్తిరించుకోడానికి నేను లాగేసుకున్నాను. ఆయన మాత్రం బీరువా నుంచి కిటికీకి, కిటికీ నుంచి బీరువాకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. ఏదైనా తడితే నా బల్ల మీదకి వంగి రెండు ముక్కలు గీకుతాడు, మళ్లీ నడక మొదలు. మోచేతులకి ఎప్పుడు చూసినా నా సుద్ద అంటుకుని ఉంటుంది. ఇంట్లో తిరిగే చెప్పులే ఏడాదికి రెండు జతలు అరుగుతాయంటే మీరే చూసుకోండి. వీధిలో ఆయన్ని కథలాయన అంటారు, నన్ను మిషనావిడ అంటారు. ఇల్లు గడిచేది ఎవరి మీదో ఆ పేర్లలోనే తెలిసిపోతుంది.

సినిమాలకి రాసేవాళ్లు సీను కాగితం మీద ఇచ్చేసి వస్తే సరిపోదు, నోటితో చెప్పాలి. వినేవాళ్ల ముందు ఏడ్చి, నవ్వి, అన్ని వేషాలూ తనే వేసి ఒప్పించాలి. బయట చెప్పేముందు ఆయన నాకు చెప్పేవాడు. నాకంటే నాకు కాదు, నా మిషన్‌కి. నేను తొక్కుతూ ఉంటాను, ఆయన తిరుగుతూ చెబుతాడు. నా కాలు ఆగకపోతే ఆ సీను చెత్తలోకే. ఆగిందా, సీను నిలిచినట్టే. "బాగుందా" అని ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు. అడిగితే పెళ్లాం బాగుందనే అంటుందట, కాలు మాత్రం అబద్ధం చెప్పదట. నా కాలిని అంత నమ్మిన మనిషి నా మాటని అందులో సగం కూడా నమ్మలేదు, అది వేరే సంగతి. పారేసిన సీన్ల కాగితాలు అతికించి నేను కాలర్లకీ జేబులకీ నమూనాలు కత్తిరించుకునేదాన్ని. ఈ చుట్టుపక్కల స్కూలు పిల్లల కాలర్లన్నీ మా ఆయన పారేసిన సీన్ల కొలతే.

పద్దెనిమిదేళ్లు పెద్దాయన దగ్గర రాశాడు. పెద్దాయనంటే సినిమాల్లో బాగా పేరున్న రచయిత. అలాంటివాళ్ల దగ్గర నలుగురైదుగురు కూర్చుని రాస్తారు, తెర మీద పేరు మాత్రం ఒక్కటే పడుతుంది. చేరిన కొత్తలో మా ఆయనకి పౌరుషం ఉండేది. హీరో ఒక ఆడపిల్లని చెంపమీద కొడితే హాల్లో ఈలలు పడతాయి, అలా రాయమంటే, నా వల్ల కాదని కాగితాలు అక్కడే పెట్టేసి వచ్చేశాడు. మూడో రోజు తనే వెళ్లాడు, వెళ్లి రాశాడు. ఆ సీను నాకు చెప్పలేదు. తర్వాత తాగొచ్చి తన్నే మొగుణ్ని క్షమించే పెళ్లాం సీను, కుంటివాణ్ని చూసి అందరూ నవ్వే సీను, అలా నాకు చెప్పని సీన్లు ఒక్కొక్కటే పెరిగాయి. చిత్రమేమిటంటే బయట మెచ్చుకున్నవన్నీ అవే.

చివరికి మా ఆయన రాసిన సినిమాకి పెద్దాయనకి అవార్డు వచ్చింది. అది అందుకుంటూ మాట్లాడాల్సిన నాలుగు ముక్కలు కూడా మా ఆయన చేతే రాయించారు. టీవీలో పెద్దాయన మాట్లాడుతుంటే ఇక్కడ నిలబడ్డ ఈయన పెదాలు కదులుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయి టీవీ కట్టేశాను.

"ఉండవోయ్, ఇంకో వాక్యం ఉంది" అన్నాడు.

నా చెల్లి ఒక స్కూల్లో గుమాస్తా. యూనిఫాంల కొలతల జాబితా పట్టుకుని నెలకోసారి మా ఇంటికి వస్తుంది. నాన్న మంచాన పడ్డ రెండేళ్లూ ఆయన్ని చూసుకున్నది అదే. నాకు సంసారం అడ్డు, అన్నయ్యకి ఉద్యోగం అడ్డు, దానికి ఏ అడ్డూ లేదని మేమిద్దరమే తేల్చేశాం. నాన్న పోయాక అన్నయ్య నలుగురిలో కూర్చున్నప్పుడల్లా "మా చిన్నదానిలా చేసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా" అంటాడు. అది తల దించుకుంటుంది. సిగ్గేమో అనుకునేవాళ్లం.

ఓ వానాకాలం మధ్యాహ్నం అది వచ్చి, జాబితా నా ఒళ్లో పెట్టి, మిషన్ పక్కనే కింద చతికిలబడింది. నేను తొక్కుతూనే ఉన్నాను.

"అక్కా, ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పకు" అంది. "రెండేళ్లలో నేను వేడన్నం తిన్న రోజు లేదు. పళ్లెం ముందు కూర్చోగానే నాన్న 'చిన్నీ' అనేవాడు. నీళ్లనో, దుప్పటనో. ఆ రోజు మాత్రం లేవకూడదు అనుకున్నాను. మూడుసార్లు పిలిచాడు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని మొత్తం తిన్నాను. పళ్లెం కడిగాను. తడి పళ్లెం సర్దితే నాన్నకి నచ్చదు కదా, పొడిబట్టతో తుడిచి మరీ పెట్టాను. అప్పుడు వెళ్లాను. అప్పటికే లేడక్కా."

నా కాలు ఎప్పుడు ఆగిందో నాకే తెలీదు. దాని తల ఒళ్లోకి తీసుకుని నిమురుతూ ఉండిపోయాను. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో. అన్నయ్యకి తెలిస్తే ఈ జన్మలో తన మొహం చూడడని దాని భయం. నా గొంతులో ప్రాణం ఉండగా ఎవరికీ తెలీదని ఒట్టు వేశాను. దాన్ని సాగనంపి వెనక్కి వస్తుంటే పక్క గదిలో చెప్పుల చప్పుడు లేదని గమనించాను. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మిషన్ ఆగడం విని నడక ఆపి, గోడ అవతలే నిలబడి ఉన్నాడు.

వారం తిరక్కుండా బీరువా దగ్గర మొదలుపెట్టాడు. "ఒక తల్లి. చాలా రోజులుగా మంచంలో ఉంది. ఒక్కడే కొడుకు."

ఆయన కిటికీ దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. కొడుకు వంటింట్లో కింద కూర్చుని తింటున్నాడట. ఆయన గొంతు మార్చి, ముసలి తల్లిలా "నాన్నా" అని పిలిచాడు. నేను తొక్కాను. రెండోసారి పిలిచాడు. ఇంకా గట్టిగా తొక్కాను. మూడోసారికి నా కళ్లకి గుడ్డ కనిపించలేదు, అయినా కాలు ఆపలేదు. పళ్లెం తుడిచి పెట్టాడన్నప్పుడు కూడా ఆపలేదు. ఆగకపోతే చెత్తలోకే కదా, అదే నా ఆశ. ఆయన నమ్మే ఆ కాలి చేతే మొదటిసారి అబద్ధం చెప్పించాను.

ఆయన నా వెనక్కి వచ్చి నిలబడి, మిషన్ మీంచి చొక్కా తీసి చూశాడు. చెయ్యి దూరే దారి లేకుండా అడ్డంగా మూసి కుట్టేసి ఉంది. బ్లేడు తీసుకుని కిటికీ కింద కూర్చుని ఒక్కో కుట్టూ విప్పి నా చేతికిచ్చాడు. పాపం, అర్థం చేసుకున్నాడు, ఇక దీన్ని వదిలేస్తాడు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

రెండు నెలలకి ఒక కొత్త డైరెక్టరు కథ ఒప్పుకున్నాడని వచ్చి చెప్పాడు. కథ, మాటలు రెండూ ఈయన పేరు మీదే వేస్తాడట.

"ఆ సీను ఉందా అందులో?" అన్నాను.

"అది విన్నాకే ఒప్పుకున్నాడు. అది తీసేస్తే ఇక కథేముంది అంటున్నాడు."

ఒంటికాలి మీద లేచాను. "నా మిషన్ ఆగలేదు కదా."

"చెయ్యి మూసి కుట్టావు కదోయ్."

"అది నా చెల్లి నా దగ్గర చెప్పుకున్న బాధ. మీకు చెప్పలేదు. మీరు గోడ చాటున నిలబడి విన్నారు."

"కూతుర్ని కొడుకుని చేశాను, తండ్రిని తల్లిని చేశాను. ఎవరు గుర్తుపడతారు?"

"అది గుర్తుపడుతుంది."

ఓ పదిసార్లు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత బీరువాకి ఆనుకుని, "సరే, రేపు మరదల్ని పిలు. నేనే చెబుతాను. వద్దంటే సీను తీసేస్తాను. డైరెక్టరు పొమ్మంటే మళ్లీ పెద్దాయన దగ్గరికే పోతాను" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ మాట ఆయనకి దక్కాలి.

ఇంతవరకూ ఆయన్ని తిట్టాను కదా, ఇక్కడ నా వంతు. అప్పుడే చెల్లిని పిలిచి ఉండాల్సింది. కానీ టీవీ ముందు కదిలిన ఆ పెదాలు గుర్తొచ్చాయి. తెర మీద ఆయన పేరు ఒక్కసారి చూడాలని పద్దెనిమిదేళ్లుగా నాకెంత ఆశో ఆయనకి కూడా తెలీదు.

"ముందు పేరు పడనీండి. దానికి నేను చెప్పుకుంటాలెండి" అన్నాను.

ఆ ఏడాదంతా చెల్లి నెలనెలా వచ్చింది, జాబితా ఇచ్చింది, వెళ్లింది. ఈసారి చెబుదామనుకుంటాను, మాట నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. అది "బావ సినిమా ఎంతవరకూ వచ్చింది" అని సంబరంగా అడిగితే నాకు మొహం చెల్లేది కాదు. ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని. ఆయనొక గదిలో, నేనొక గదిలో, ఇద్దరం నిలకడ లేకుండా తిరగడమే సరిపోయింది.

సినిమా విడుదలైన వారంలో చెల్లి తనే మ్యాట్నీకి మూడు టికెట్లు కొనుక్కొచ్చింది. ఆయన ఒంట్లో బాగాలేదని రానన్నాడు. దారిలోనైనా చెప్పేయాలనుకున్నాను. బస్సులో జనం ఉన్నారని చెప్పలేదు. హాలు బయట, అది నవ్వుతోందని చెప్పలేదు.

పేరు పడింది. ఇలా వచ్చి అలా పోయింది. చెల్లి చప్పట్లు కొట్టింది. నేను సంతోషంతోనే ఏడ్చాను, దాచడమెందుకు. అది నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకుంది.

గంట గడిచాక తల్లి మంచంలోంచి పిలిచింది. కొడుకు లేవలేదు. మళ్లీ పిలిచింది. నేను తెర చూడ్డం మానేసి చెల్లినే చూస్తున్నాను. మూడోసారి పిలిచింది. కొడుకు అన్నం ముగించి, పళ్లెం కడిగి, చొక్కా అంచుతో తుడుస్తూ, "తడి పళ్లెం అమ్మకి నచ్చదు" అన్నాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. సీను బాగుంది, చాలా బాగుంది, అదే నా ఏడుపు. చెల్లి తన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది, పొరపాటున ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు.

ఆట అయ్యాక మెట్ల మీద ఓ పక్కకి నిలబడి జనం పోయేదాకా ఆగింది. నా నోట ఇంకేమీ రాక "చిన్నీ" అన్నాను. నాన్న పిలిచే పిలుపు అది, అప్పుడు అనాల్సింది కాదు. తప్పంతా నాదే అని చెప్పబోయాను. అది నా వైపు చూడలేదు.

"మూడుసార్లు కాదక్కా" అంది. "ఏడుసార్లు పిలిచాడు. లెక్కపెట్టుకుంటూ తిన్నాను. ఏడంటే నువ్వు కూడా నన్ను దగ్గరికి తీసుకోవేమోనని మూడన్నాను." హాలు తలుపు వైపు చూసింది. "లోపల అంతమంది ఆ కొడుకు మీద జాలితో ఏడ్చారు చూశావా. ఏడుసార్లు పిలిపించి ఉంటే ఏడ్చేవాళ్లు కాదు."

బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇది బావకి చెప్పకు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "గుర్తుపట్టిందా?"

నేరుగా వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాను. సగం కుట్టిన చొక్కా సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టాను. "బాగుందంది."

"ఇంకేమంది?"

"ఇంకేమీ అనలేదు."

ఆయన వెనక్కి వచ్చి చొక్కా పట్టుకుని చూశాడు. చెయ్యి సరిగ్గానే ఉంది, కుట్టు తిన్నగా పోయింది. ఊపిరి పీల్చుకుని, నా భుజం తట్టి, కిటికీ వైపు నడిచాడు. ఆ నెల జాబితా స్కూలు ప్యూను తెచ్చాడు. తర్వాతి నెలా అతనే తెచ్చాడు. చెల్లి ఎందుకు రావట్లేదని ఆయన ఒకసారి అడిగాడు, స్కూల్లో పని ఎక్కువని చెప్పాను.

ఇప్పుడాయనకి చేతినిండా సినిమాలు. బీరువా నుంచి కిటికీకి తిరుగుతూ కొత్త సీన్లు చెబుతుంటాడు. మంచివీ ఉంటాయి వాటిలో. నా కాలు మాత్రం దేనికీ ఆగట్లేదు. ఏమైందోయ్ నీకు, ఒక్కటీ నచ్చట్లేదా అని విసుక్కుంటాడు. నేను తొక్కుతూనే ఉంటాను. ఒక్కసారి ఆపానంటే, ఆ ఏడు పిలుపులూ ఈయనకి చెప్పేస్తానేమోనని నాకు భయం.