తమ్ముడు కువైట్‌లో ఉన్నాడని చెప్పాం

మా తమ్ముడికి ఉత్తరం వేయాలంటే నేను అమలాపురం వెళ్ళేదాన్ని. మా ఊళ్ళో పోస్టాఫీసు లేక కాదు, మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది. కానీ ఆ ఉత్తరం మీద వాడి పేరు, పక్కన ఖైదీ నంబరు, కింద సెంట్రల్ జైలు అని రాయాలి. దాన్ని మా పోస్టుమాస్టరుగారి చేతిలో పెట్టడం కంటే ఊళ్ళో దండోరా వేయించడం నయం. అందుకని శనివారం నేను పాఠాలు చెప్పే బడి అయ్యాక ఆటో ఎక్కి, బస్టాండు దగ్గర డబ్బాలో ఉత్తరం పడేసి, ఎవరైనా అడిగితే చెప్పడానికి ఓ జాకెట్టు ముక్క కొనుక్కుని వచ్చేదాన్ని. అలా కొన్న ముక్కలు బీరువాలో ఓ అర నిండా ఉన్నాయి. ఒక్కటీ కుట్టించుకోలేదు.

వాడు నిజంగా కువైట్ వెళ్ళాల్సినవాడే. లైసెన్సు, మెడికల్ పరీక్ష అన్నీ అయ్యాయి. వీసా వచ్చేదాకా విశాఖపట్నంలో లారీ నడుపుతూ, ఒకరోజు గదిలో ఉండే కుర్రాడితో మాటామాటా పెరిగి ఒక్క తోపు తోశాడు. ఆ కుర్రాడు మెట్ల మీంచి పడి, తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతనికీ ఓ తల్లి ఉంది. ఆవిడ గుర్తొస్తే మా బాధ చెప్పుకోవడానికి నోరు రాదు. వాడికి శిక్ష పడింది. “ఇంటిగుట్టు లంకకి చేటు, ఎవరూ నోరెత్తకండి” అంది అమ్మ. వీసా వచ్చింది, వెళ్ళిపోయాడు అని ఊళ్ళో చెప్పాం. మా వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే కదా, ఎవరికీ అనుమానం రాదని మా తెలివి. తెల్లారినట్టే ఉంది మా తెలివి.

జైల్లోంచి ఫోను చేసుకోనిస్తారు. కానీ అమ్మ ఫోనులో ఏడిస్తే మూడిళ్ళకి వినపడుతుంది. అందుకని ఉత్తరాలే మేలనుకున్నాం. నాన్నగారు చెప్పేవారు, నేను రాసేదాన్ని. అక్కడ ఎవరో అధికారి చదివి, ముద్ర వేశాకే వాడి చేతికిస్తారని తెలిసినప్పటి నుంచి, ప్రతి ఉత్తరానికీ ముందు “చదివే అయ్యగారికి నమస్కారాలు” అని రాయించేవారు. నాకు ఒళ్ళు మండేది.

“ఆయనకెందుకండీ మన నమస్కారాలు?”

“మనవాణ్ణి చూసుకునే మనిషి కదమ్మా. రాయి.”

రాసేదాన్ని. ఆ తర్వాత కాలువకి నీళ్ళు వదిలారనీ, గేదె ఈనిందనీ, చివర బైబిలు నుంచి ఓ వచనం. వాడి జవాబులు అమలాపురంలో నా స్నేహితురాలి ఇంటికి వచ్చేవి.

కిందటేడు నాన్నగారికి కాలేయం పాడైంది. ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టరుగారు. మంచం మీంచి నాన్నగారిది ఒకటే మాట, “వాణ్ణి ఒక్కసారి నాకు చూపించమ్మా.”

లాయరుగారిని అడిగాను. “దరఖాస్తు పెట్టండమ్మా. డాక్టరుగారి కాగితం జతచేయండి. పోలీసుల్ని తోడిచ్చి పంపుతారు. కాకపోతే ముందు మీ స్టేషన్నుంచి కానిస్టేబుల్ వచ్చి, ఇరుగూపొరుగునీ విచారించి వెళ్తాడండీ, అంతే” అన్నారు.

అంతేనట! ఆ సాయంత్రమే దరఖాస్తు రాసి కవరు అంటించాను. కానీ కానిస్టేబుల్ మా వీధిలో బండాపి “జైల్లో ఉన్నాయన ఇల్లెక్కడండీ?” అని అడుగుతున్నట్టే నా చెవుల్లో వినిపించింది. రేపు వేద్దాంలే అనుకున్నాను. తొమ్మిది రోజులు ఆ కవరు నా సంచిలో, క్యారియర్ పక్కనే ఉంది. నాన్నగారు రోజూ అడిగేవారు. “పంపానండీ, ఇంకా జవాబు రాలేదు” అనేదాన్ని. చావుబతుకుల్లో ఉన్న తండ్రితో అలా అబద్ధమాడాను. పదో రోజు పొద్దున్న ఆయన పోయారు.

“అబ్బాయి బయల్దేరేడాండీ?” వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు.

“సెలవు దొరకలేదండీ.”

“ఆయ్, అరబ్బు దేశాలు కదండీ. ఏం చేస్తాడు పాపం.”

సమాధిలో మొదటి పిడికెడు మట్టి కొడుకు వేయాలి. నేను వేశాను. మర్నాడు తమ్ముడికి అంతా రాశాను. నాన్నగారు పోయారనీ, నిన్ను రప్పించే దారి ఉన్నా పరువుకి భయపడి నేనే దరఖాస్తు వేయలేదనీ రాసి, అమలాపురం వెళ్ళి వేసొచ్చాను.

మూడోరోజు ప్రార్థన అయ్యి అందరూ వెళ్ళాక, పక్కింటి బాబాయిగారు ఒక్కరే కుర్చీలో ఉండిపోయారు.

“అమ్మా, ఓ మాటంటే ఏమీ అనుకోవు కదా?”

“చెప్పండి బాబాయిగారూ.”

“పోలీసులతోనైనా సరే, అబ్బాయిని తీసుకురావలసిందమ్మా.”

“మీకు తెలుసా?”

“అప్పుడే పేపర్లో పడిందమ్మా, ఊరి పేరుతో సహా. మీ నాన్నగారు టీకొట్టుకొచ్చేలోపు ఆ పేజీ తీసి దాచేసేం. మీరు కువైట్ అన్నారు. సరే, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని మేమూ కువైటే అన్నాం.”

“ఊరందరికీ తెలుసా?”

“ఆయ్.”

గట్టిగా అరవాలనిపించింది. మర్యాదస్తులు! మూడేళ్ళపాటు “కువైట్‌లో ఎండలెలా ఉన్నాయండీ?” అని అడిగి, నా చేత “నలభై ఎనిమిదండీ” అని చెప్పించుకున్న మహానుభావులు! కానీ వాళ్ళ మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది? వాళ్ళెవరూ నా సంచిలో కవరు దాచలేదు. ఆ కవరు నేనే దాచాను, ఎవరికీ తెలియకూడదని. అందరికీ తెలుసు. తండ్రీ కొడుకులు మాత్రం ఒకరినొకరు చూసుకోలేదు. బాబాయిగారి ముందే కూలబడి ఏడ్చాను.

రెండు వారాలకి తమ్ముడి జవాబు వచ్చింది. తిడతాడనుకున్నాను. తిట్టినా బావుండేది.

“అక్కా, నువ్వేం బాధపడకు. నేను నీ చోట ఉన్నా అదే చేసేవాణ్ణి. నాన్నగారు చివర్లో బాగా నొప్పి పడ్డారా? అమ్మని వేళకి తినమను. ఇంకో సంగతి. నేనెందుకు రాలేదని ఊళ్ళో ఏం చెప్పేరో మర్చిపోకుండా రాయి. రేపు బయటికొచ్చాక ఎవరడిగినా నేనూ అదే చెప్తాను.”