తలకి రాసే నూనె

తొంభైల చివర్లో అమలాపురం దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేశాను. అక్కడికి ఒక మలయాళీ మామ్మగారు వచ్చారు. వయసులో ఉండగా కేరళ నుంచి నర్సుగా వచ్చి, నలభై ఏళ్లు మా కోనసీమలో పురుళ్లు పోసిన మనిషి. ఒంటరిగా ఉంటూ తన వంట తనే చేసుకునేవారట. తెలుగు గలగలా మాట్లాడేవారట. పక్షవాతం వచ్చి తగ్గాక ఒక పక్క చెయ్యీ కాలూ సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు, తెలుగు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, మలయాళం ఒక్కటే మిగిలింది. మా ఆశ్రమంలో ఆ భాష ఎవరికీ రాదు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ రెండు మెతుకులు కతికి పళ్లెం తోసేసేవారు. మూడో రోజు డాక్టరుగారు చూసి, "రేపటికీ ఇంతే అయితే కాకినాడ పంపించెయ్యాలమ్మా. ముక్కులోంచి గొట్టం వేసేస్తారు" అన్నారు.

వంటావిడని బతిమాలి ముద్దపప్పు, పనసపొట్టు కూర చేయించాను. ఏం లాభం? పళ్లెం ముందు పెట్టగానే ఆవిడ ఎప్పట్లాగే గోడ గూట్లోకి వేలు చూపించారు. గూట్లో ఉన్నవి దువ్వెన, కొబ్బరినూనె సీసా. తల దువ్వమంటున్నారు కాబోలనుకుని, "ఆయ్, అలాగేనండి" అంటూ పూటకోసారి నూనె రాసి జడ వేసేదాన్ని. మూడు రోజుల్లో సగం సీసా ఆవిడ నెత్తికే పట్టించాను. ఆవిడ నన్ను కొరకొరా చూసేవారు.

నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ అదే వేలు. నాది అసలే ముక్కుమీద కోపం. "చెవుల మీంచి కారుతోంది మామ్మగారూ, ఇంకెక్కడ రాయమంటారండీ?" అంటూ సీసా తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టేశాను. ఆవిడ మూత పళ్లతో తీసి, వేడన్నం మీద ధారగా ఒంపుకున్నారు.

"అయ్యబాబోయ్, తలకి రాసుకునేది తినేస్తున్నారండీ!" అంది గుమ్మంలోంచి వంటావిడ. నేను సీసా లాక్కోబోతే మామ్మగారు నా చెయ్యి మీద ఒక్కటి వేశారు. ఉప్పు వేసి కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తరవాత ఇంకో ముద్ద. పళ్లెం ఖాళీ అయ్యేదాకా మేమిద్దరం గుడ్లప్పగించి చూశాం.

ఆశ్రమం చుట్టూ కొబ్బరిచెట్లే. ఆ నూనె మా చెట్ల ఎండు కొబ్బరి కురిడీలు గానుగాడించి తెచ్చిందే. కేరళలో దాన్ని అన్నంలో వేసుకుంటారని మా ఏడు తరాల్లో ఎవరికీ తెలీదు. నా బుర్రని నేనే తిట్టుకున్నాను, సంతోషం పట్టలేక నవ్వేశాను కూడా.

సాయంత్రం డాక్టరుగారు వచ్చేసరికి ఆవిడ రెండోసారి వడ్డించుకుని తింటున్నారు. కాకినాడ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆయన వెళ్లాక మామ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకది జడ వాసనే వేసింది. ఎలాగో మింగి, "ఇంకోటి పెట్టండి మామ్మగారూ" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఈసారి ఇంకా పెద్ద ముద్ద పెట్టారు.