గ్లాసు బోర్లించేదాకా

పాలు కాగుతున్న వాసన వస్తే నాకిప్పటికీ ఒక పిల్ల మొహం కనబడుతుంది. ఇంట్లో వాళ్లకు చెబితే నవ్వుతారు. నవ్వనీ.

అరవైల్లో, పటాన్‌చెరు దగ్గరి ఒక ఊళ్లో చర్చి వాళ్లు నడిపే బడిలో నా మొదటి ఉద్యోగం. వయసు ఇరవై. తెలిసింది తక్కువ, పొగరు మాత్రం నిండుగా ఉండేది. బడికి డబ్బాల్లో పాలపొడి వచ్చేది. వేడినీళ్లలో కలిపి పొద్దున పదింటికి పిల్లలందరికీ పోసేవాళ్లం. దగ్గరుండి తాగించే పని నాది. తాగిన గ్లాసు వసారాలో బోర్లించాకే ఎవరైనా తరగతిలోకి రావాలి. ఆ నియమం నేను పెట్టిందే. పెద్దసారు మెచ్చుకున్నాడు కూడా.

ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఇంట్లో జొన్నరవ్వతో వండిన గట్క తిని వచ్చేది. పరుగు పెడితే పెద్దపిల్లలను కూడా దాటిపోయేది. పాల దగ్గరికి వచ్చేసరికి మొండికేసేది.

"నాకు పాలు పడయి పంతులమ్మా. కడుపుల గుడగుడ అంటది."

"పాలు పడనోళ్లు ఉంటరా ఎక్కడన్న? సాకులు చెప్పకు, తాగు."

మా ఇంట్లో బర్రెలుండేవి. పాలతోనే పెరిగినదాన్ని. నా ఒంటికి పట్టింది లోకంలో అందరి ఒంటికీ పడుతుందని నా నమ్మకం. పేదపిల్లలకు బలం పోస్తున్నానని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒకరోజు ఆ పిల్ల ముక్కు మూసుకుని గ్లాసంతా తాగింది. నేను అక్షరాలు దిద్దిస్తుంటే లేచి, బయటికి పోతానంది. మళ్లీ సాకేనని కూర్చోబెట్టాను. కాసేపటికి లంగా పాడయింది, కింద చాప పాడయింది. తరగతంతా ఘొల్లున నవ్వింది. నేను దగ్గరికి తీసుకోలేదు. "ముందే చెప్పొద్దా?" అని అరిచాను. ముందే చెప్పింది కదా!

మరునాటి నుంచి రాలేదు. నాలుగో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. పీట వేసి, గట్క, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది.

"వద్దమ్మా, నాకు జొన్నలు పడయి. తింటే దినమంతా కడుపు నొస్తది," అన్నాను.

"అయ్యో, పడకుంటే తినకు పంతులమ్మా," అంటూ వెంటనే గిన్నె తీసేసింది. నిజమా, సాకా అని అడగలేదు. నా కడుపు సంగతి నాకే తెలుస్తుందని ఆమె అనుకుంది, అంతే.

తలుపు పక్కన నిలబడి ఆ పిల్ల నన్నే చూస్తోంది. "ఇగ పాలు తాగకు, బడికి రా" అంటే సరిపోయేది. తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆ మాట నా నోట రాలేదు. పిల్లను పంపమని తల్లికి చెప్పి వచ్చేశాను. ఆ పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు.

డెబ్బైల్లో ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేచాయి. ఒక సాయంత్రం అమీన్‌పూర్ దారిలో ఫ్యాక్టరీ ప్రహరీ కడుతున్నచోట, ఇసుక మోస్తున్న ఒక పడుచు నన్ను చూసి ఆగింది.

"మంచిగున్నరా పంతులమ్మా?"

ఆ చూపును బట్టి ఆ పిల్లేనని గుర్తుపట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే: "సదువు ఏమన్న యాదికున్నదా?"

ఆమె తట్ట దించి, కూర్చుని, ఇసుకలో వేలితో ఒక అక్షరం రాసింది.

"నా పేరుల గిదొక్కటే వస్తది. మిగిలింది నేర్వకముందే బడి ఇడిసిన గద," అంది, నవ్వుతూనే.

మేస్త్రీ కేకేశాడు. ఆమె తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మిగిలిన రెండక్షరాలు పక్కన రాసి చూపడానికి నిమిషం కూడా పట్టేది కాదు. ఆమె ముందు వంగడానికి సిగ్గుపడి, నేను ఆ రోజు కూడా నేర్పలేదు.