ఆపమని ఎవరైనా చెప్పొచ్చు

ఆ ఇంట్లో నోటికంటే చేతులకే పని ఎక్కువ. వడ్డించేటప్పుడు ఇంకొంచెం వెయ్యమనాలంటే తండ్రి చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పుతాడు. చాలనుకుంటే అరచెయ్యి బోర్లా పెట్టి అడ్డంగా ఊపుతాడు. కూతురు చిన్నప్పుడు ఏడుపు లంకించుకుంటే ఎదురుగా నిలబడి, పొట్ట దగ్గర రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకునేవాడు. ఎక్కడిదక్కడ ఆపు, ముందు ఊపిరి పీల్చుకో, మిగతాది తర్వాత చూద్దాం అని దానర్థం. ఆ పిల్ల ఎక్కిళ్ళు పెడుతూనే తనూ అలాగే చేతులు కలిపి పట్టుకునేది.

"తండ్రీకూతుళ్ళు అలా చేతులు తిప్పుకుంటూ కూర్చోండి. నేను ఈ కుట్టుమిషనుతో కబుర్లు చెప్పుకుంటాను," అనేది తల్లి. బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం ఆవిడ పని.

ఆయన పుట్టుచెవిటి కాదు. చమురు కోసం, గ్యాసు కోసం నేలను తొలిచే రిగ్గు మీద, ఇంజన్ల పక్కన నిలబడి పైపులు బిగిస్తూ ఒక వయసంతా గడిపాడు. చెవులకు పెట్టుకునే మూతలు ఆ రోజుల్లో కంపెనీ ఉద్యోగులకే ఇచ్చేవారు. ఆయన కాంట్రాక్టు మనిషి. ఎవరు పర్మనెంటో ఎవరు కాంట్రాక్టో ఇంజను మోతకు తెలియదు. మూతలు పంచేవాళ్ళకు తెలుసు. అలా చెవులు పోయాయి. మోతలో మాట వినపడని చోట పనివాళ్ళు వాడే చేతి సైగలు మాత్రం ఆయనతోపాటు ఇంటికొచ్చి స్థిరపడ్డాయి.

కూతురు అలాంటి కంపెనీలోనే ఆఫీసులో టైపిస్టుగా చేరి, మెట్టు మెట్టుకూ పోట్లాడి సిబ్బంది వ్యవహారాల మేనేజరయింది. ఎవరిది ఏ గ్రేడు, ఏ గ్రేడుకు ఏ కుర్చీ, ఏ బస్సు, క్యాంటీన్లో ఏ బల్ల, అన్నీ ఆవిడకు నాలుక చివరే ఉంటాయి. వెనక అందరూ "గ్రేడమ్మ" అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడింది కూడా. పెళ్ళయింది, నిలవలేదు. అమ్మానాన్నలను తన దగ్గరికే తెచ్చుకుంది.

రిగ్గు దగ్గర మేనేజరుగా వెళ్తానని ఆవిడ చాలా ఏళ్ళు అడిగింది. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు, అక్కడ ఆడవాళ్ళకు బాత్రూం లేదని. దేశాల అడుగున ఉన్న గ్యాసును బయటికి లాగగలిగినవాళ్ళకు ఒక బాత్రూం కట్టడం ఇన్నేళ్ళు చేతకాలేదు. చివరికి ఎలాగో కట్టారు. పోస్టింగ్ వచ్చింది.

"బాత్రూం కట్టారని ఉద్యోగమిచ్చారా, నీకు ఉద్యోగమివ్వక తప్పక బాత్రూం కట్టారా?" అని నవ్వింది తల్లి.

తండ్రి నవ్వలేదు. చేతిలో పేపరు పక్కన పెట్టాడు. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు బోర్లా తిప్పి, అటూ ఇటూ ఊపాడు.

ఆపు. అది కూడా మామూలుగా కాదు, ఉన్నపళంగా ఆపు.

"ఎందుకు నాన్నా?" అని అడిగింది, ఆయనకు పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చుని. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతే. తన కూతురికి ఏమవుతుందోనని భయపడుతున్నాడు కాబోలు అనుకుంది. అయినా ఆయన ఊఁ అనకుండా గడప దాటడం ఆవిడవల్ల కాదు. ఆఫీసులో ఎవరి మాటా లెక్కచెయ్యని మనిషికి ఆ ఒక్క తల ఊపు కావాలి.

ఈలోగా శిక్షణ మొదలైంది. రిగ్గుకు వెళ్ళే మేనేజర్లెవరైనా సరే, అక్కడ జరిగే పనేమిటో నేర్చుకుని వెళ్ళాలని నియమం. డబ్బు లెక్కలు చూసే ఆయన, గిడ్డంగి చూసే ఆయన, కొనుగోళ్ళ ఆయన, గ్రేడమ్మ, ఇంకొందరు బడిపిల్లల్లా బల్లల వెనక కూర్చున్నారు. పాఠం చెప్పే ఆయన పాత ఇంజనీరు. నోరు తెరిస్తే బురద గురించే మాట్లాడతాడని ఆయనకు "బురద సారు" అని పేరు.

"నేలలోకి మైళ్ళకొద్దీ తొలుస్తాం. కింద గ్యాసు ఊరికే ఉంటుందా? ఎప్పుడు పైకి తన్నుదామా అని చూస్తూ ఉంటుంది. దాన్ని అణిచిపెట్టేది ఏది? బురద! కావలసినంత బరువుగా కలిపిన బురద బావి నిండా నిలబడి ఉంటుంది. బరువు తగ్గిందా, గ్యాసు తోసుకొచ్చేస్తుంది. అప్పుడు మీరేం చేస్తారు?"

"పై ఆఫీసుకు ఫోన్ చేస్తాం," అన్నాడు లెక్కలాయన.

"చెయ్యండి. ఫోనెత్తేలోపు మీరూ ఉండరు, ఫోనూ ఉండదు. ముందు బావి నోరు మూసెయ్యాలి. ఫోన్లూ సంజాయిషీలూ ఆ తర్వాత!"

అందరూ నవ్వారు. గ్రేడమ్మ కూడా నవ్వింది.

చేతి సైగల పాఠం వచ్చిన రోజు ఆవిడకు పట్టపగ్గాల్లేవు. సారు వేలు పైకెత్తి తిప్పగానే "ఎత్తు" అంది. వేలు కిందికి తిప్పితే "దించు" అంది. ఒక అరచెయ్యి గొడుగులా పెట్టి దాని కింద వేలు తిప్పితే, మిగతావాళ్ళు ఇంకా చూస్తుండగానే "మెల్లగా ఎత్తు" అనేసింది.

"ఎక్కడ నేర్చారు మేడమ్?"

"భోజనాల దగ్గర," అంది.  ఇంట్లో వాళ్ళదే అనుకున్న భాష ఇక్కడ గోడ మీద పటం కట్టి ఉంది.

"ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎత్తమనీ దించమనీ చెప్పేవాడు ఒక్కడే ఉంటాడు, ఇంకెవరు చెప్పినా వినొద్దు. కానీ ఆపమని ఎవరైనా చెప్పొచ్చు. ఎవరైనా! ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి," అన్నాడు సారు.

మధ్యాహ్నం పెరట్లో సాధన. బరువులెత్తే చిన్న యంత్రం, దానికి వేలాడే ఇనుప పైపు, పైపు దారిలో మనిషికి బదులు హెల్మెట్ పెట్టిన చెక్కబొమ్మ. ఒక్కొక్కరూ మీట దగ్గర కూర్చుని, ఎదురుగా నిలబడి సైగలు చేసే అతను చెప్పినట్టు ఎత్తాలి, దించాలి. గ్రేడమ్మ వంతు వచ్చింది. పైపు చక్కగా లేచింది. సైగలతని వేలు ఇంకా పైకే తిరుగుతోంది. అంతలో పక్కనుంచి, టీ తెచ్చే ఆవిడ ట్రే కింద పెట్టి రెండు చేతులూ చాచి ఊపడం మొదలుపెట్టింది.

గ్రేడమ్మ చూసింది. చూసి, సైగలతని వైపు తిరిగింది. అతను ఇంకా వేలు తిప్పుతూనే ఉన్నాడు. సారు వైపు తిరిగింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీ ఆవిడ ఈసారి చేతులు ఇంకా గట్టిగా ఊపింది. పైపు వెళ్ళి పై దూలానికి తగిలి, గిర్రున తిరిగి, చెక్కబొమ్మ తలమీది హెల్మెట్‌ను పెరటి గోడదాకా ఎగరగొట్టింది.

"చూశారా మేడమ్ ఆవిణ్ణి?" అడిగాడు సారు, మెల్లగా.

"చూశాను."

"ఆ సైగేమిటో తెలుసు కదా మీకు?"

"తెలుసు సార్. కానీ... ఆవిడ టీ ఇచ్చే ఆవిడ కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. టీ ఆవిడ ట్రే ఎత్తుకుంటూ, "సారే ఊపమన్నారమ్మా, లేకపోతే నేనెందుకు ఊపుతాను. చేతులు నొప్పెట్టాయి, మీరు ఆపరే!" అంది. కోపంగా కాదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది గ్రేడమ్మకు.

తర్వాత మీట దగ్గర కూర్చున్న కొనుగోళ్ళాయన కూడా ఆపలేదు. "ఆపమని రాసిస్తే ఆపేవాణ్ణి," అని పైగా జోకేశాడు. ఇలాంటి తప్పు ఇలాంటి వాళ్ళే చెయ్యగలరు. దారిన పోయే పిల్లాడైనా ఆ చేతులు చూస్తే ఆగిపోతాడు. మనిషి కంటే ముందు గ్రేడు కనపడేలా కళ్ళకు ఏళ్ళ తరబడి జీతమిచ్చి నేర్పిస్తేనే ఇది సాధ్యం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి మిషను ముందు నీలం కవరాలు, అదే, రిగ్గు మీద వేసుకునే చొక్కా ప్యాంటు కలిసిన దుస్తు, పరుచుకుని కూర్చుంది. కంపెనీ ఇచ్చిన వాటిలో అన్నింటికంటే చిన్నది కూడా మగవాడి కొలతే.

"ఈ కాళ్ళలో నువ్వూ నేనూ ఇద్దరం దూరొచ్చే. జానెడు కత్తిరిస్తున్నా," అంది తల్లి. తర్వాత కూతురి మొహం చూసి మిషను ఆపింది. "ఏమైందే?"

తండ్రి కూడా చూశాడు. కనుబొమ్మలతోనే అడిగాడు. చెప్పకుండా ఉండొచ్చు. చెబితే ఆయన ఇక ఎప్పటికీ తల ఊపడని భయం. అయినా ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా పెదాలు కదిపి చెప్పింది. బొమ్మను, పైపును, టీ ఆవిణ్ణి. "చూసి కూడా ఆపలేదు నాన్నా."

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత నోరు తెరిచాడు. తన గొంతు తనకు వినపడదు కనుక ఆయన మాట్లాడితే ఇల్లంతా మోగుతుంది.

"నీ ఒంటిచేతి బాబాయి గుర్తున్నాడా?"

ఎందుకు గుర్తుండడు? నాన్నతో పనిచేసేవాడు. సెలవుల్లో వచ్చి, మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఒంటిచేత్తో నారింజ వలిచి, మొదటి తొన ఆ పిల్ల నోట్లోనే పెట్టేవాడు. చెయ్యి మిషన్లో పడిందని మాత్రం తెలుసు.

"పైపుకు చుట్టిన గొలుసు జారి బాబాయి చేతివైపు పోవడం నేను చూశాను. ఇలా ఊపాను," అని చేతులు చాచాడు. "మీట దగ్గరి అతను నన్ను చూశాడు, ఆపబోయాడు. పక్కన మేనేజరు ఉన్నాడు. 'వాడెవడు?' అన్నాడు. కాంట్రాక్టు మనిషి సార్ అని ఎవరో అన్నారు. 'అయితే కానియ్' అన్నాడట, మీట అతనే తర్వాత చెప్పాడు. అంతే అమ్మడూ. ఆ రెండు మాటలు అనేలోపు అయిపోయింది. తర్వాత బాబాయిదే అజాగ్రత్త అని తేల్చారు."

తల్లి కత్తెర పక్కన పెట్టింది. ఈ సంగతి ఆవిడకు తెలుసు. కూతురి ముందు ఎత్తొద్దని ఆయనే అన్నాడు.

"ఆ మేనేజరు దుర్మార్గుడు కాదే. మా పనివాళ్ళ పిల్లలకు పుస్తకాలు కొనిచ్చేవాడు. నీకూ కొనిచ్చాడు. అదే నా భయం. నిన్ను ఆపింది నీకేదో దెబ్బ తగులుతుందని కాదు. మంచిదానివి కదా, మంచిగా ఉంటూనే ఒకరోజు వాడెవడు అంటావేమోనని."

 ఆ మాట తను అనేసింది కూడా, ఇవాళే. ఏం చెయ్యాలో తోచక పొట్ట దగ్గర రెండు చేతులూ కలిపి పట్టుకుంది, చిన్నప్పటిలాగే. ఆయన ఆ చేతుల మీద తన చేతులు పెట్టాడు.  తల మాత్రం ఊపలేదు.

మర్నాడు ఆవిడ అందరికంటే ముందు వెళ్ళి, టీ ఆవిడ దగ్గర ఆగి, "నిన్న ఆపనందుకు క్షమించండి," అంది.

"అయ్యో, బొమ్మకేగా తగిలింది, వదిలెయ్యండమ్మా," అంది ఆవిడ.

తర్వాత బురద సారును అడిగింది. "ఆపమని ఎవరైనా చెప్పొచ్చన్నారు. మరి ఈ పాఠం వంటమనిషికీ, బట్టలుతికే మనిషికీ, కాంట్రాక్టు వాళ్ళకూ ఎందుకు లేదు?"

"ఇది మేనేజర్ల శిక్షణ కదమ్మా."

"తప్పు అక్కడే ఉంది సార్. చెప్పేవాళ్ళకు సైగ నేర్పరు, వినేవాళ్ళకు వినడం నేర్పరు. నా రిగ్గులో మొదటిరోజు నేను మీట దగ్గర కూర్చుంటాను. అక్కడున్న ప్రతి మనిషీ వచ్చి ఒక్కసారి నన్ను ఆపాలి. అప్పుడే పని మొదలు. కుదరదంటే నా మీద పైకి రాయండి."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాస్తాను. కుదరాలి అని రాస్తాను. ముందు ఈ మీట దగ్గర ఇంకోసారి కూర్చోండి," అన్నాడు.

వెళ్ళే రోజు ఉదయం వ్యాను వచ్చి గుమ్మం ముందు నిలబడింది. తల్లి సరిచేసిన కవరాలు ఒంటికి కొలిచి కుట్టినట్టుంది. తండ్రి వసారాలో కుర్చీలో ఉన్నాడు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "వెళ్ళొస్తా నాన్నా," అని ఒక క్షణం నిలబడి చూసి, ఆ తల ఊపు లేకుండానే సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. వ్యాను మెట్టు మీద ఒక కాలు వేసి, ఎందుకో వెనక్కి తిరిగింది.

ఆయన లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పక్కలకు చాచి ఊపుతున్నాడు.

ఆవిడ ఆగిపోయింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. ఎందుకని అడగలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. "మేడమ్, ఆలస్యమవుతుంది. ఎవరాయన?" అన్నాడు.

"ఎవరైతేనేం, ఆగమన్నారుగా," అంది.

మోకాళ్ళ నొప్పితో ఆయన ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆయన ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని, ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి జీతంతో కొనుక్కున్న ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి లాగాడు. రిగ్గు మీద వేలికి ఉంగరం ఉండకూడదు. ఎక్కడైనా పట్టుకుంటే వేలితో సహా పోతుంది. ఉంగరం తీసి, వెనకే వచ్చిన భార్య అరచేతిలో పెట్టాడు.

"ఈ ముక్క నిన్న చెబితే సరిపోయేది కదా! పిల్లను ఒంటికాలి మీద నిలబెట్టావు," అని విసుక్కుంది ఆవిడ, ఆయనకు పెదాలు కనపడేలా.

"నిన్న చెబితే," అన్నాడాయన వీధంతా వినపడేలా, "ఇది ఆగుతుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

కూతురు నవ్వబోయింది, కళ్ళు నిండిపోయాయి. వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు కదిలించబోతే, "ఉండు బాబూ, ఆయన ఇంకా చెప్పలేదు," అంది.

ఆయన ఎడమ అరచెయ్యి గొడుగులా పెట్టాడు. దాని కింద కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, గుండ్రంగా, నెమ్మదిగా తిప్పాడు.