పెద్దక్క నామినేషన్

కణేకల్ దగ్గరే కాలువ పారుతున్నా మా కాలనీకి మాత్రం వారానికొక ట్యాంకరే గతి. అదీ డ్రైవరుకు బుద్ధి పుడితే! ఈసారి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు వచ్చిందనగానే, వద్దు మొర్రో అంటున్నా వినకుండా పెద్దక్కను నిలబెట్టాం. పొద్దంతా చేలల్లో కలుపు తీసి, సాయంత్రం గుళ్లో మాచేత జపమాల చెప్పించే మనిషి. ఆమె మాటంటే అందరికీ గురి.

మా తిప్పలు బయటివాళ్లకు చెప్తే నవ్వుతారు. ఆదివారం మేం కథోలికులం, కాగితాల్లో హిందువులం. క్రైస్తవులమని రాసిస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. దాంతో పిల్లల చదువులూ, ఈ సర్పంచి సీటూ అన్నీ గోవిందా. అందుకే మాకు తలా రెండు పేర్లు. ఆమె గుళ్లో మార్తమ్మ, రేషన్ కార్డులో పెద్దక్క.

అనుకున్నంతా అయింది. ఆమె క్రైస్తవురాలని ఎదుటి వర్గం అభ్యంతరం పెట్టింది. నామినేషన్ల పరిశీలనకు ముందురోజు నేను ఆమె ఇంటికి పోయాను. పత్రాలు నింపింది నేనే మరి.

"రేపు అడిగితే హిందువునని చెప్పక్కా. ఒక్క మాట. ఇన్నేండ్లూ సంతకం పెడతాండేదే గదా."

"సంతకం వేరు, నోటితో చెప్పేది వేరు భాస్కరా," అంది కాళ్లు ఒత్తుకుంటూ. "ఎనభై ఆరులో రోమ్ నుంచి జాన్‌పాల్ పాపుగారు మద్రాసుకొస్తే మా నాయన చూసేకి పోయినాడు. ఆ జనంలో తెల్లటోపీ ఒగటే కనపడిందంట. సచ్చేదాకా మా నాయన ఆయప్ప కథే చెప్తాండె. ఆ పాపుగారు పుట్టిన దేశంలో సర్కారుకి గుడికి పోయేవాళ్లంటే గిట్టదంట. ఈయన పోయి భయపడొద్దండి అన్యాడంట. జనం లేచి నిలబడినారు. కొన్నేండ్లకి సర్కారే మారిపాయ."

"ఆ కథలు మనకెందుకక్కా? ఈడ నీళ్లు కావాల!" నాకు ఒళ్లు మండింది.

"నాకూ కావాల. కానీ ఈ రెండు పేర్లతో యాష్టకొచ్చిందప్పా."

మరునాడు పదకొండు మందిమి ఆమె వెనక నిలబడ్డాం. అధికారి చెడ్డవాడేం కాదు. పొద్దుటినుంచీ కాగితాలు చూసిచూసి ఆయనకూ విసుగొచ్చింది. "హిందువునని చెప్పమ్మా, రాసేసుకుంటా" అన్నాడు.

"కాదు సార్. కథోలిక మతం."

"ఆలోచించుకుని చెప్పు."

"యాభై ఏండ్లు ఆలోచించినా సార్."

నామినేషన్ కొట్టేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎదుటి వర్గం నాగప్ప అంతటితో ఊరుకుంటేనా! "వెనకుండేవాళ్లంతా ఆ గుడివాళ్లే సార్, రాసుకోండి" అన్నాడు.

అధికారి పెన్ను దించకుండానే అడిగాడు. "నిజమేనా అమ్మా? ఇంకా ఉన్నారా?"

పెద్దక్క వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. నా కూతురు ఆ నెలే కాలేజీ సీటుకు సర్టిఫికెట్ పెట్టింది. తల దించుకున్నాను. అందరం దించుకున్నాం.

"లేరు సార్," అంది. "మా కాలనీలో నేనొగదాన్నే."

ఆయన అలాగే రాసుకున్నాడు. మేం పదకొండు మందిమీ ఊపిరి పీల్చుకున్నాం.