ఎవరూ పడని అయిదేళ్లు

మా బాపు జీవితంలో ఒకే ఒక్కసారి తన గొప్ప తాను చెప్పుకోబోయాడు. అదీ సగమే. ఆ సగం చెప్పినందుకు ఓడిపోయాడో, మిగతా సగం చెప్పనందుకు ఓడిపోయాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

బాపు రాయికల్ అవతల మా ఊరి గీత కార్మికుల సంఘానికి ప్రెసిడెంట్. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. మా అవ్వ, అంటే అమ్మ కూడా కోపమొస్తే "ఓ ప్రెసిడెంటూ, బువ్వ తింటవా, సంఘమే తింటవా?" అనేది. ఏటా కల్లు సీజను ముందు కాటమయ్య గుడి దగ్గరికి అందరి మోకులూ తెప్పించేవాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడే మోకు. అది తెగిందా, ఇక మాటల్లేవు. బాపు కంటే ముందున్న ప్రెసిడెంటు కాలంలో అట్లా పోయినవాళ్లున్నారు. అందుకే బాపు ఒక్కో మోకునూ వేపకొమ్మకు కట్టి, వడ్లబస్తా లాంటి తన ఒళ్లంతా దానికి వేలాడేసి చూసేవాడు. ఏ మాత్రం అనుమానమొచ్చినా కత్తి తీసి రెండు ముక్కలు చేసేవాడు, మళ్లీ ఎవరూ ముడేసుకుని వాడకుండా. కొత్త మోకు కొనాలంటే మాటలా? తిట్టనివాడు పాపాత్ముడు.

ఒకసారి సొంత బావ మోకే కోసేశాడు. అంటే మా మేనత్త మొగుడిది, నాకు మామ. బాపుకు చెట్టెక్కడం నేర్పిందే ఆయన. "నేను నేర్పితె నేర్చుకున్నోనివి, నాకే జెప్తవారా?" అని ఆ ముక్కలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సీజనంతా మా గడప తొక్కలేదు.

తర్వాత ఏళ్లలో కాలం కాలేదు, వానల్లేవు. బోర్లు ఎండిపోయాయి, కల్లు తాగేవాళ్లు సీసాలకు మళ్లారు. జగిత్యాల నుంచి ఏజెంటు వచ్చి, "తాటిచెట్లు ఎక్కినోల్లకు బిల్డింగులెంతనే?" అని మగపిల్లలందరినీ ఎగేశాడు. ఒకడి వెనక ఒకడు దుబాయి, మస్కటు. మోకులు ఇంటింటా కొయ్యలకు వేలాడాయి. చివరికి ఆ వయసులో మామ కూడా బయల్దేరాడు. బాపు ఆపలేదు. "ఈడుండి ఏం తింటరు బావా, పోండ్రి" అన్నాడు.

తాటిచెట్ల మీద తల నెరిసిన మనిషి దుబాయిలో పరంజా మీది నుంచి పడ్డాడు. నడుము కింది భాగం పనికిరాకుండా తిరిగొచ్చాడు. అప్పటి నుంచి అత్త వాళ్ల అర్రలో మంచమే ఆయన ఊరు.

అట్లాంటప్పుడు వచ్చాయి సంఘం ఎన్నికలు. బాపు మీద నిలబడింది దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒక పిల్లాడు. అందరికీ బండ్లు ఇప్పిస్తా, సంఘానికి బిల్డింగు కట్టిస్తా, ఇంకా ఏమేమో చేస్తానంటున్నాడు. నోటికి తాళం లేదు. బాపు మాత్రం ఏమీ మాట్లాడడు. అది చూసి కోరుట్లలో మైకుసెట్టు నడిపే బాపు దోస్తు ఒకాయన ఊగిపోయాడు.

"అరె భాయ్, చేసింది చెప్పుకోకపోతె చెయ్యనట్టే! అయిదేండ్లు ప్రెసిడెంటువి. నీ జమానాల చెట్టు మీదికెల్లి ఒక్కడన్న పడ్డడా? గది చెప్పు చాలు. ఆటో నాది, మైకు నాది, పైసా వద్దు."

"గట్ల నోటితోని అనద్దన్నా, దిష్టి తగుల్తది" అని అవ్వ అడ్డం పడింది. బాపు ఔననలేదు, కాదనలేదు. తెల్లారేసరికి ఆటో ఊళ్లో తిరుగుతోంది. అప్పుడు నేను కోరుట్లలోని అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నాను. "మన ప్రెసిడెంట్ అయిదేండ్ల పాలనల చెట్టు మీదికెల్లి ఒక్కడు పడలే! ఒక్క ఇల్లు ఏడువలే!" అని వినబడుతుంటే, అబద్ధమెందుకు, నాకు ఒళ్లు పొంగిపోయింది.

ఆటో మేనత్త వాళ్ల గల్లీలోకి పోయి ఆగిపోయింది. కాసేపటికి అత్తే మా ఇంటికొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది. బాపు పళ్లెం ముందు కూర్చున్నాడు.

"తమ్మీ, ఒక్కడు పడలేదా? ఎక్కెటోల్లే లేకపాయిరి, పడెటోడెవ్వడురా? మీ బావ పడలే? ఆడ పడితె పడ్డట్టు గాదా? ఒక్క ఇల్లు ఏడువలేదట! నా ఇల్లు ఇల్లు గాదారా?"

బాపు చేయి కడిగేసుకున్నాడు. అత్త ఏడుస్తూనే వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపమొచ్చింది. ఆమె అన్న దాంట్లో ఒక్క మాటా తప్పు లేదని తెలిసీ వచ్చింది.

మర్నాడు గుడి ముందు మీటింగు. మా సంఘంలో చేతులెత్తి ఎన్నుకుంటారు. మామ కూడా మెంబరే కదా, మంచంతో తీసుకొద్దామన్నారు ఎవరో. "వద్దు. మంచం మీదోన్ని మోసుకచ్చి ఓట్లడుగుతున్నడంటరు" అన్నాడు బాపు. దోస్తు మైకు చేతికిచ్చాడు.

"నిన్న మైకుల చెప్పింది నమ్మకున్రి. ఎక్కెటోల్లు లేక పడలే. మా బావ పడ్డడు. పొమ్మన్నది నేనే. గంతే."

అని కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి నేను చేతులతో సైగ చేస్తూనే ఉన్నాను, మోకుల సంగతి చెప్పు బాపూ అని. ఊరు ఖాళీ కాకముందు అందరూ ఎక్కుతున్న రోజుల్లో కూడా ఎవరూ పడలేదు కదా, అది చెప్పు అని. నా వైపు చూడనే లేదు. దోస్తు తల పట్టుకున్నాడు. కొన్ని చేతుల తేడాతో ఓడిపోయాడు బాపు.

చేసిన పని చెప్పుకుని ఓట్లడగవచ్చా కూడదా అని పెద్దవాళ్లు వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. రోడ్డు వేసినవాడు రోడ్డు చూపిస్తాడు. పడని మనిషిని ఎట్లా చూపిస్తారు? వాడు పొద్దూకి ఇంటికొచ్చి, బువ్వ తిని పడుకుంటాడు. తాను పడలేదన్న సంగతి వాడికే తెలియదు.

ఆ తర్వాత మోకులు చూడడం ఆగిపోయింది. ఎందుకాగిందని అడిగినవాళ్లు కూడా లేరు. బాపు చెట్లు వదిలేసి సిరిసిల్లలో సాంచాల షెడ్డుకు వాచ్‌మన్‌గా పోయాడు. పగలూ రాత్రీ మగ్గాల మోత. ఎవరైనా "ప్రెసిడెంట్" అని పిలిచినా వినబడేది కాదనుకుంటాను. కొన్నేళ్లకు అక్కడే జ్వరమొచ్చి పోయాడు.

దినాలైన నాడు మామకు అన్నం పట్టుకుపోయాను. అత్త దొడ్లో బోళ్లు తోముతోంది. మామ చాలాసేపు అన్నం కెలికి, మెల్లగా అన్నాడు.

"బిడ్డా, మీ బాపు నా మోకు కోసిండు, యాదికున్నదా? వానిది తప్పని చూపెడ్దామని ముక్కలు ఇంటికి తెచ్చి ఇప్పి చూసిన. పైన మంచిగనే ఉన్నది. లోపలంత పుచ్చిపోయి పిండి లెక్క రాలింది. తెల్లారి గా మోకుతోనే ఎక్కుతుంటిని. అయిపోదును."

"గప్పుడే ఎందుకు చెప్పలే మామా?"

"సిగ్గయింది. నేర్పినోన్ని గద. మీటింగు నాడు చెప్దామనుకున్న. మీ అత్త నా పేరు చెప్పి కొట్లాడె, మీ బాపు నా పేరు చెప్పి ఓడిపాయె. నన్ను మాత్రం ఎవ్వలడగలే. కాళ్లు పోయినయి గని, చెయ్యి లేస్తది గద బిడ్డా."

అని కుడిచెయ్యి పైకెత్తాడు. అత్త దొడ్లోంచి వచ్చి, ఏం కావాలని అడిగేదాకా దించలేదు.