బాబాయి కట్టి వెళ్ళిన రుమాలు

ఫోన్‌లో బాబాయి పేరు కనిపించగానే ఎత్తి, "స్క్రూ దొరికిందా బాబాయ్?" అన్నాను. అవతల పిన్ని. "మీ నాన్నని పంపించమ్మా, మీ బాబాయి లేవట్లేదు" అంది. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పక్క వీధికి పరిగెత్తారు. వెనకే నేనూ వెళ్ళాను. బాబాయి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రాజమండ్రి బయల్దేరబోతూ గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయారట. డాక్టరుగారు గుండె అన్నారు. ఇంకా ఏవో చెప్పారు, నాకు వినపడలేదు. బాబాయి గుప్పిట్లో బండి తాళం ఉంది. నేను దాన్నే చూస్తున్నాను.

ఆ ప్రయాణం నా ల్యాప్‌టాప్ కోసం. ఇంజినీరింగ్ అయ్యాక చేరిన రెండు ఉద్యోగాల్లోనూ కుదురుగా ఉండలేక, కొవ్వూరు వచ్చేసి కంప్యూటర్ గేములు తయారుచేయడం నేర్చుకుంటున్నాను. ఒక కంపెనీ వాళ్ళు చిన్న గేము చేసి పంపమన్నారు, నచ్చితే పని ఇస్తామన్నారు. నా గేమింగ్ ల్యాప్‌టాప్ చూస్తే, డ్రైవ్ నిండిపోయి, మేలుకోవడానికే ఆయాసపడుతోంది. ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డ్రైవ్ తెప్పించాను. దాన్ని ఖాళీ స్లాట్‌లో పెట్టి, విండోస్ అందులో ఎక్కించి, ఇక మీదట మెషీను దాంట్లోంచే బూట్ అయ్యేలా చెయ్యాలి. పాతది సామాను గదిలా పక్కన పడి ఉంటుంది. నాకు తెలిసిన పనే. కానీ మా ఇంట్లో ఏ వైరు ముట్టుకోవాలన్నా ముందు బాబాయికి చెప్పడం అలవాటు.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. స్తంభం ఎక్కేముందు వాళ్ళు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్.సి. తీసుకుంటారు. అంటే, లైను ఆపించుకుని తమ పూచీ మీద ఉంచుకోవడం. పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. తీసుకున్న మనిషే ఇవ్వాలి. ఆ గొంతు వినకుండా అవతలివాళ్ళు కరెంటు వదలరు. రిటైరయ్యాక బాబాయి ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకున్నారు. మిక్సీ బ్లేడు మార్చాలన్నా సరే, ప్లగ్గు పీకి దాని పిన్నులకి తన గళ్ళ రుమాలు కట్టేవారు. అది విప్పేదాకా ఎవరూ ఆ ప్లగ్గు ముట్టుకోకూడదు. మళ్ళీ స్విచ్ వేసేముందు "అందరూ దిగారా?" అని కేకేసేవారు. ఇంట్లో ఉండేది పిన్ని ఒక్కతే. నేనేమైనా స్తంభం ఎక్కానా దిగడానికి అని ఆవిడ విసుక్కునేది. దిగాను అంటే సరిపోతుంది కదా, ఎదురు ప్రశ్నెందుకు అని ఈయన. ఆవిడ అనేదాకా చెయ్యి స్విచ్ మీదే ఉండేది.

ముందురోజు మధ్యాహ్నం ఆయన మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చారు. అమ్మా నేనూ పడి పడి నవ్వాం. ఇది ల్యాప్‌టాప్ బాబాయ్, ట్రాన్స్‌ఫార్మర్ కాదు అన్నాను.

"కరెంటుకి మొహమాటం ఉండదు అమ్మాయ్" అన్నారు.

ఛార్జర్ పీకి పిన్నులకి రుమాలు కట్టారు. అడుగు మూత విప్పి, లోపల బ్యాటరీ తీగ ఊడదీసి, మిగిలిన కరెంటు కూడా పోయేలా పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టాను. ఆయన తృప్తిగా తలాడించారు. చూయింగ్‌గమ్ బిళ్ళంత కొత్త డ్రైవ్‌ని స్లాట్‌లోకి ఏటవాలుగా దోపాను. ఇక పైకి లేచిన చివరని నొక్కి స్క్రూ బిగించడమే. ఆ ఒక్కటీ తను బిగిస్తానన్నారు, ఆ గ్లౌజులతోనే. ఆవగింజంత స్క్రూ. చూస్తుండగానే మాయమైపోయింది. ముగ్గురం నేల మీద పాకాం. ఊడ్చిన దుమ్ములో అమ్మ అయస్కాంతం తిప్పింది. దొరకలేదు. బాబాయి మొహం చిన్నబోయింది.

"రేపు పొద్దున్నే బ్రిడ్జి దాటి రాజమండ్రిలో ఇంకో స్క్రూ తెచ్చేస్తాను. రుమాలు మాత్రం విప్పకు. ఎల్.సి. నా పేరు మీద ఉంది" అన్నారు. గ్లౌజులు టేబుల్ మీదే మర్చిపోయి వెళ్ళారు.

ఆయన నాతో అన్న చివరి మాట అది. అంత మామూలు మాట చివరిది ఎలా అయిందో మీరెవరైనా చెప్పగలరేమో, నాకు అంతుపట్టడం లేదు.

ఆ తరవాత వారం పైనే ల్యాప్‌టాప్ అలాగే బోర్లా, మూత లేకుండా పడి ఉంది. స్క్రూ లేని డ్రైవ్ ఒక చివర పైకెత్తుకుని ఉంది. కంపెనీ వాళ్ళు గడువు కొంచెం పెంచారు, అదీ దగ్గరికొచ్చేసింది. నాన్న ఒకసారి రుమాలు మీద చెయ్యి వేసి, నా వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆయన వస్తువులన్నీ ఒకచోట పెడుతున్నానని, గ్లౌజులు తెచ్చిపెట్టమని పిన్ని కబురు చేసింది. బోర్లించి దులిపాను. టేబుల్ మీద టిక్కుమంది. స్క్రూ. కుడి గ్లౌజు లోపల పడిందన్నమాట. మేమంతా నేల మీద పాకుతున్నంతసేపూ అది ఆయన చేతికి ఆనుకునే ఉంది. బ్రిడ్జి దాటాల్సిన పనే లేదు.

పెద్దకర్మ రోజు, ఆయనతో స్తంభాలెక్కిన పాత లైన్‌మన్‌గారు వచ్చారు. భోజనాలయ్యాక మా ఇంటికి తీసుకొచ్చి టేబుల్ చూపించాను. ఎల్.సి. తీసుకున్న మనిషి తిరిగి ఇవ్వలేకపోతే ఏం చేస్తారండీ అని అడిగాను. ఆయన ముడి చూసి గుర్తుపట్టారు.

"పక్కన పనిచేసిన మనిషి ఇవ్వొచ్చమ్మా. కాకపోతే లైను మీద ఎవరూ లేరని కళ్ళారా చూసుకుని ఇవ్వాలి. చూశావా?"

ఆడపిల్లవి, దహనానికి రేవు దాకా రావద్దన్నా వెళ్ళినదాన్ని. చూశానండీ అన్నాను.

"అయితే మీ బాబాయి దిగిపోయాడమ్మా. ఇచ్చెయ్యి."

స్క్రూ బిగించాను. బ్యాటరీ తీగ తగిలించి మూత వేశాను. రుమాలు ముడి విప్పేసరికి గోళ్ళు నొప్పెట్టాయి. పెన్‌డ్రైవ్‌తో కొత్త డ్రైవ్‌లో విండోస్ ఎక్కించాను. ఇక పెన్‌డ్రైవ్ తీసేసి, దానంతట అది మేలుకుంటుందో లేదో చూడాలి. బటన్ మీద పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో, వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడింది.

"దిగాం. నొక్కు."

నొక్కాను. తెర వెలిగింది. ఆ వెలుగులో, పక్కన పడేసిన రుమాలు విప్పినా విప్పుకోలేదు. పిన్నులు దిగబడిన గుర్తులతో, ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంది.